తొమ్మిదో అంతస్తులో చెమ్మ

నగరసభ ఇచ్చిన కాగితంలో మూడు షరతులు:
నిలువు గీతలు నిలువుగానే ఉండాలి,
ఆకాశం తెల్లగా ఉండాలి,
మనుషులు ఉండకూడదు.

త్బిలిసీలో నవంబరు ఆకాశం
ఎవరూ చెప్పకముందే సున్నం కొట్టుకుని ఉంటుంది.
గీతల సంగతి కటకం చూసుకుంటుంది.
మూడోదాని దగ్గరే పీటముడి.

నల్లగుడ్డ కింద తల దూర్చాను.
గరుకుటద్దం మీద పదహారంతస్తులూ తలకిందులయ్యాయి.
నేల పైకి పోయింది.
దుప్పట్లు, పంట్లాలు, ఎవరో పసిపిల్ల మేజోళ్లు
ఆ నేలకేసి నిటారుగా లేచి నిలుచున్నాయి.

ఈ భవనం గీసినాయన అందరికీ ఒకే కొలత ఇచ్చాడు
రేషన్ కొట్లో చక్కెర తూచినట్టు.
ఆ రాజ్యం కూలిన ఏడు
గోడలు ఒళ్లు విరుచుకున్నాయి.
ఇనపకమ్మీలు మెట్లమీద మోసుకెళ్లి
గాలిలో గదులు కట్టుకున్నారు జనం.
కిందివాడి కప్పు పైవాడికి నేల,
అందుకని ఆ ఏడాది ఎవరూ ఎవరితోనూ పోట్లాడలేదట.
ఆ తర్వాత పోట్లాడారు.
నాలుగో అంతస్తులో ఇటుకలతో మూసేసిన కిటికీ
ఇద్దరు అన్నదమ్ములు మాట్లాడుకోవడం మానేసిన చోటు.
ఆరో అంతస్తు అద్దాలు మాత్రం కొత్తవి, తళతళలాడుతున్నాయి.
ఏథెన్సులో ఎవరి మంచం పక్కనో రాత్రిళ్లు మేలుకునే
ఒక తల్లి నిద్ర అది.

ఇవన్నీ నాకు కటకం చెప్పలేదు.
నటెలా ఖుబులావా చెప్పింది.

లిఫ్టు పెట్టెలో ఇరవై తెత్రీల నాణెం వేసి
బట్టలు తీయించడానికే వెళ్లాను ఆవిడ దగ్గరికి.
"పది నిమిషాలు చాలమ్మా."
"తడివి. ఎక్కడ పెట్టను, నీ సంచిలోనా?"
అని, కుర్చీ జరిపి, ఎండు రేగుపళ్ల గిన్నె ముందు పెట్టింది.

ఆవిడ బయటికి కట్టిన గదికి రెండు కిటికీలు.
ఒకటి మూతబడ్డ బడిది, చెక్క మీద పిల్లల గీతలింకా ఉన్నాయి.
రెండోది ఏ ట్రాలీబస్సుదో, గుండ్రటి మూలలు.
"తొంభై మూడులో సుఖుమి నుంచి
కొండల్లో మంచు తొక్కుకుంటూ మా చెల్లెలు వచ్చింది.
చేతిలో ఏముందనుకున్నావ్?
ఇంటి తాళంచెవి.
ఇల్లు లేదు, తాళం లేదు,
చెవి ఒక్కటే, చెమటకి పచ్చబడి.
మా ఆయన దాన్ని చూస్తూ రెండు రోజులు అన్నం మానేశాడు.
మూడో రోజు కమ్మరిని పట్టుకొచ్చి
ఆ చెవికి సరిపడా తాళం చేయించాడు.
తాళం వచ్చింది కదా, తలుపు పెట్టాం.
తలుపు పెట్టాం కదా, మరి గోడలుండాలిగా.
అలా కట్టాం ఈ గది."

లేచి తలుపు తీసి చూపించింది.
లోపల మంచం, మడతపెట్టిన కంబళి.
చెల్లెలు పోయి ఎనిమిదేళ్లు.
చెవి మాత్రం తాళానికే ఉంది.
తిప్పమంది. తిప్పాను.
ఎవరో గొంతు సవరించుకున్నట్టు చిన్న చప్పుడు.

దిగడానికి నాణెం అక్కర్లేదు.
వీధి అవతల మళ్లీ గుడ్డ కప్పుకున్నాను.
వెలుతురు తక్కువ, ఎనిమిది సెకన్లు తెరిచి ఉంచాలి.
నాలుగో సెకనులో ఆవిడ బయటికొచ్చింది,
దుప్పటి అంచు తడిమి చూసింది,
ఆరిందో లేదో తేలక నిలబడింది.
ఆపొచ్చు. ఆపలేదు.

ఫొటోలో ఆవిడ లేదు.
తొమ్మిదో అంతస్తు కమ్మీల దగ్గర
బూడిదరంగు మరక, అరచేతంత కూడా కాదు.

నగరసభలో అధికారి భూతద్దం పెట్టి
నిలువు గీతలు మెచ్చుకున్నాడు,
ఆకాశం మెచ్చుకున్నాడు.
"ఇదేమిటి?"
"చెమ్మండీ," అన్నాను.
అబద్ధమని పూర్తిగా అనలేను.
ఆయన దస్త్రంలో రాసుకున్నాడు:
తొమ్మిదో అంతస్తు, చెమ్మ, మరమ్మతు అవసరం.

వచ్చే మంగళవారం తాపీమేస్త్రీ వెళతాడట
అది ఎక్కణ్నించి ఊరుతోందో చూడ్డానికి.
ఎండు రేగుపళ్లు పెడుతుంది ఆవిడ.
చెవి తిప్పమంటుంది.